మొదటి గడిలోని సున్నా

2005 ఏప్రిల్ 20, బుధవారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు నాగర్‌కర్నూల్‌లోని మా ఇంటి ఫోన్ మోగింది. వనపర్తిలో కంప్యూటర్ డిప్లొమా చదువుతున్న మా చెల్లెలి కూతురు, కాలేజీ ఎదుటి కాయిన్ బాక్సు నుంచి మాట్లాడుతోంది.

“పెద్దమ్మా, గీడ తప్పొస్తుంది. నెల వాన కోట్లల్ల చూపిస్తుంది! మీ ఊర్ల సముద్రం పడ్డదా అని సార్ నవ్విండు.”

ఆ ప్రోగ్రాం నాకు తెలుసు. నేను లెక్కల టీచరుగా ఉన్నన్నాళ్లూ బడిలోని వానమాపకం చూసి రోజూ రాసుకున్న అంకెలను అది నెలవారీగా కూడుతుంది. పిల్ల సి భాషలో రాసింది. తన పుస్తకం చదివి నేనూ ఆ భాష కొంత నేర్చుకున్నాను. కాగితం మీద గడులు గీసి, ఒక్కో లైనుకు విలువలు ఎలా మారతాయో రాసి చూసి, సరే అన్నాను. మా వీధిలోని ఇంటర్నెట్ షాపులో అయిదుసార్లు నడిపితే అయిదుసార్లూ నా కూడికతో సరిపోయింది.

పరీక్షకు వచ్చిన సారు రెండు గంటలకు మళ్లీ చూస్తానన్నారట. అప్పుడూ తప్పితే ప్రాజెక్టు ఫెయిలే. ఆరు నెలలు ఆగాలి.

“ఒక ఉపాయం దొరికింది పెద్దమ్మా. మధ్యల మొత్తం ఎంతుందో చూద్దామని ఇంకో లైను పెట్టిన. అది ఉంటే సరిగ్గ వస్తుంది, తీస్తే తప్పొస్తుంది. ఉంచేస్త.”

“ఎందుకు సరిగ్గ వస్తుందే?”

“తెల్వదు. వస్తుంది గద!”

“తెల్వనిది ఉంచకు. ఆగు, కాగితం తెస్త.”

“జల్ది! ఎనక మంది తిడుతుండ్రు.”

పిల్ల మా ఇంట్లో ఉంచిన ప్రోగ్రాం కాగితాన్నీ నా గడుల కాగితాన్నీ పక్కపక్కన పరిచాను. రెండో వరుస నుంచి అన్నీ కలిశాయి. మొదటి వరుసలో ‘మొత్తం’ కింద సున్నా ఉంది. ప్రోగ్రాంలో ఆ సున్నా ఎక్కడా లేదు. పిల్ల ఒక్కో నెల ‘మొత్తం’ కోసం కంప్యూటర్‌లో చోటు అడిగిందే తప్ప అందులో ఏమీ వేయలేదు. ముప్పయ్యేళ్లు కూడికలు చెప్పిన నా చెయ్యి, పిల్ల రాయని సున్నాను అలవాటుగా రాసేసింది.

“మొత్తంల మొదట ఏముందే?”

“ఏం లేదు.”

“ఏం లేకపోవుడు, సున్న ఉండుడు ఒకటేనా? ఆ చోట్ల అంతకుముందు ఏ ప్రోగ్రాం ఏం వదిలి పోయిందో! దాని మీద వాన కూడుతున్నవ్.”

“మరి షాపుల ఎట్లొచ్చె?”

“ఆడ నీ అదృష్టానికి సున్న ఉండొచ్చు. ఏమీ వెయ్యని చోటు చదివితే ఏమొస్తదో ఆ భాష మాట ఇయ్యలేదు. సరిగ్గ రావచ్చు, కోట్లు రావచ్చు, ఒక లైను కలిపితే మారొచ్చు. ప్రతి నెల మొత్తంల మొదట సున్న పెట్టు. ఆ ఉపాయం లైను తీసెయ్యి.”

“ఇది మొన్ననే చూడొద్దా నువ్వు?”

“చూడాల్సింది. తప్పుల నాకూ సగముంది. ఉరుకు ఇగ.”

నాలుగున్నరకు మళ్లీ ఫోన్ వచ్చింది. పన్నెండు నెలలూ సరిగ్గా వచ్చాయట. పొద్దున ఎందుకు తప్పిందని సారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిందట. పాసు చేశారు గానీ మార్కులు కోశారు.

“నిజం చెప్పినందుకు కోసిండు పెద్దమ్మా!”

“నిజానికి గాదు, సున్నకు. నేనైనా కోస్తుంటి.”

“నువ్వెవరి దిక్కు?” అని పెట్టేసింది.

తను రాసిన మిగతా పదకొండు ప్రోగ్రాముల కాగితాలు మా ఇంట్లోనే ఉన్నాయి. ఈసారి వాటిలో కనిపించిందే తప్ప ఒక్క అంకె కూడా నా నుంచి చేర్చకుండా గడులు నింపాను. పొద్దు గూకేలోపు రెండింటిలో అదే తప్పు దొరికింది. ఆ రెండూ అప్పటిదాకా సరైన జవాబే ఇస్తున్నాయి.