మూడు ముక్కల మర్యాద

మా నాన్నకి సెల్‌ఫోన్ వచ్చాక ఊళ్లో మర్యాద పెరిగింది. ఎదురుపడితే "ఏంది, జల్ది చెప్పు" అనే మనిషి, మెసేజ్ రాయాలంటే మాత్రం ముందు క్షేమసమాచారాలు అడగాలి, తరవాత ఇంటిల్లిపాదినీ పలకరించాలి, ఆపైన అసలు సంగతి. అదంతా ఒక మెసేజ్‌లో పట్టదు. మూడు ముక్కలు చేసి పంపేవాడు. అసలు సంగతి ఎప్పుడూ మూడో ముక్కలోనే.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నల్గొండ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లం. నాన్న ఆఫీసులో పక్క కుర్చీ ఆయనది గుంటూరు వైపు, కాపురం వనస్థలిపురంలో. ఏళ్ల తరబడి ఒకరి టిఫిన్ డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తిన్నవాళ్లు. ఒకరోజు రాష్ట్రం గురించి మాటా మాటా పెరిగి పలకరింపులు ఆగిపోయాయి. ఒకాయన రాష్ట్రం ఇచ్చేసేవాడైనట్టూ, ఇంకొకాయన ఆపేసేవాడైనట్టూ పోట్లాడుకున్నారని అమ్మ విసుక్కుంది. నాన్నకి మాత్రం అన్నం సయించడం మానేసింది. ఆఖరికి తనే దిగొచ్చి, రెండో శనివారం భోజనానికి రమ్మని మూడు ముక్కలు పంపాడు. "ఓకే" అని జవాబొచ్చింది. అమ్మ గారెలకి మినప్పప్పు తెప్పించింది.

శుక్రవారం సాయంత్రం, మర్నాడు బంద్ అన్నారు.

"'బంద్, ఇంకోరోజు రండి' అని ఒక్క ముక్క కొట్టు నాన్నా," అన్నాను.

"మనిషికి గట్ల రాస్తరా? నీకు సదువొచ్చింది గని సంస్కారం రాలే," అని కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్క వేలితో నొక్కుతూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా బంద్ గురించి మెసేజ్‌లు కొట్టుకుంటోంది. ఆ తొక్కిసలాటలో నాన్న మర్యాద రెండు ముక్కలూ ఎక్కడో ఇరుక్కున్నాయి. మూడోది ఒక్కటే చక్కగా చేరింది: "కాబట్టి మీరు మా ఇంటికి రావద్దు."

మర్నాడు మధ్యాహ్నం ఆయన మా గుమ్మంలో నిలబడ్డారు. వనస్థలిపురం నుంచి నడిచొచ్చారు. చొక్కా తడిసి ముద్దయింది.

"ఏమయ్యా, నేను నీ ఇంటికి రాకూడదా? పైగా నన్ను 'మీరు' అంటావా?" అంటూ ఫోన్ నాన్న ముక్కు ముందు పెట్టారు.

నాన్న తెల్లబోయాడు. "బంద్‌ల ఎట్ల ఒచ్చినవన్నా?" అన్నాడు.

"ఎల్బీ నగర్ దగ్గర కుర్రాళ్లు ఆపి ఎక్కడికన్నారు. పోట్లాటకన్నాను. దారిచ్చారు."

అమ్మ నవ్వాపుకుంటూ పొయ్యి మీద మూకుడు పెట్టింది. ఇద్దరూ మొహాలు గంటు పెట్టుకునే పీటల మీద కూర్చున్నారు. రెండో గారె తింటుండగా ఆయన ఫోన్ వరసగా రెండుసార్లు మోగింది. ఎడంచేత్తో తీసి చదివారు. "మీరు, వదినగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను." తరవాతది: "మీ కోసం ఇంట్లో అందరం ఎదురుచూస్తున్నాం. కానీ రేపు బంద్. ఎండలో మీరు నడవలేరు."

ఆయన ఫోన్ విస్తరి పక్కన పెట్టారు.

"ఇంత రాసే బదులు ఫోన్ చేయొచ్చుగా?"

నాన్న విస్తట్లోంచి తలెత్తలేదు.

"చేస్తె, నువ్వు ఎత్తకపోతే?"