‘విత్తిన సాధనం’ గడిలో నేను రాసిన అబద్ధం

1962లో గురజాల దగ్గర ఒక బ్లాకులో నన్ను వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. ఆ ఏడాది నేను పైకి పంపిన ఒక నివేదికలో ‘విత్తిన సాధనం’ అని ఒక గడి ఉంది. అందులో విదేశీ యంత్రం పేరు రాశాను. నిజానికి ఆ చేను విత్తింది మరియమ్మ. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. నిరుడు యాభై అయిదేళ్ళు నిండి రిటైరయ్యాను. ఇక నా సంజాయిషీ అడిగేవాళ్ళు లేరు గనక ధైర్యం వచ్చింది.

విస్తరణాధికారి బి.డి.ఓ. గారికి కింద, గ్రామసేవకులకు పైన. కొత్త విత్తనమో పనిముట్టో వస్తే దాన్ని ఒక రైతు చేలో వేసి నలుగురికీ చూపించి, ఫలితం పైకి రాయాలి. అలాంటి చేనును ప్రదర్శన క్షేత్రం అనేవాళ్ళం. ఆ ఏడు దానియేలు అనే రైతు నాలుగెకరాల నల్లరేగడి ఇచ్చాడు. మరియమ్మ ఆయన భార్య.

విత్తే యంత్రాన్ని ఒక సంపన్న దేశం సాయంగా పంపింది. మేము అడిగింది కాదు. నర్సరావుపేట స్టేషన్లో దిగి, లారీలో వచ్చింది. పెట్టె విప్పితే ఎర్రరంగు, ఎనిమిది గొట్టాలు, పళ్ళ చక్రాలు. ట్రాక్టరుకు కట్టాల్సిన దాన్ని ఎద్దులకు కట్టాం. మొదటి సాలు బాగానే పడింది. రెండో సాల్లో నాపరాయి తగిలి ముఖ్యమైన చక్రానికి నాలుగు పళ్ళు ఊడాయి.

గురజాలలో కొలిమి నడిపే నాగుల్ మీరా దాన్ని తిప్పి తిప్పి చూశాడు. “ఇది పోత ఇనుము సారూ, నా దగ్గర అతకదు. ఆళ్ళ దేశంలో రాళ్ళుండవా ఏంది?” అన్నాడు.

కొత్త చక్రం కావాలంటే నేను బి.డి.ఓ. గారికి, ఆయన జిల్లాకు, జిల్లా హైదరాబాదుకు, హైదరాబాదు ఢిల్లీకి, ఢిల్లీ సముద్రం అవతలికి రాయాలి. నేలలో విత్తడానికి తగిన తడి, అదే పదును, మాత్రం నాలుగు రోజులే ఉంటుంది. దానియేలు ఒక పూట చూసి, నాతో చెప్పకుండానే ఊళ్ళో అందరూ విత్తే గొర్రు కట్టాడు.

గొర్రుకు నేలను చీల్చే ఇనప కర్రులు మూడు. పైన జడ్డిగం అనే కొయ్యగిన్నె, దాని అడుగున మూడు చిల్లులు, చిల్లుల నుంచి కర్రుల దాకా వెదురు గొట్టాలు. వెనక నడిచే మనిషి గుప్పిట్లోంచి గింజలు జారవిడవాలి. మరియమ్మ గుప్పిటి లెక్క ఎంత కచ్చితమంటే, మూడు ఊళ్ళవాళ్ళు పదునైతే ఆమె కోసం బండి పంపేవాళ్ళు. రెండు రోజుల్లో చేను అయిపోయింది.

ఆమెను చూసే నేను అంతకుముందే పైకి ఒక ప్రతిపాదన పంపాను. నాగుల్ మీరా చేత కర్రులు కొట్టించి ఇరవై మంచి గొర్రులు చేయించాలి, మరియమ్మను కూలి ఇచ్చి ఊరూరా విత్తడం నేర్పడానికి పంపాలి. ఆ కూలితో కూతుర్ని నర్సరావుపేట హాస్టల్లో ఉంచి చదివించాలని ఆమె ఆశ. నేను కనబడినప్పుడల్లా, “మన కాగితం యాడిదాకా వచ్చింది సారూ?” అని అడిగేది.

నెల తర్వాత యంత్రాన్ని పంపిన దేశపు నిపుణుడు వస్తున్నాడని కబురొచ్చింది. యంత్రం విత్తిందని బి.డి.ఓ. గారు అప్పటికే జిల్లాకు చెప్పి ఉన్నారు. “ఏమయ్యా, మొదటి సాలు అదే గదా వేసింది? మిగతావి దాని అడుగుజాడల్లో నడిచాయనుకో,” అన్నారు. నేను అనుకున్నాను. యంత్రాన్ని గట్టుమీదికి ఈడ్పించి, చక్రాలకు కాస్త బురద కూడా పూయించాను.

ఆ నిపుణుడు, దొరగారు, టేపు పెట్టి సాళ్ళ మధ్య దూరం కొలిచి, యంత్రాన్ని తట్టి మెచ్చుకున్నారు. అప్పుడే మరియమ్మ వేరే చేలో శనగలు విత్తడానికి జడ్డిగం చంకన పెట్టుకుని అటుగా వచ్చింది. అదేమిటని దొరగారు అడిగారు. నాకు తోచింది చెప్పాను: సంగటి తినే గిన్నె అని.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. మూడు చిల్లుల్లోనూ మూడు వేళ్ళు దూర్చారు. నావైపు చాలాసేపు చూశారు. నీళ్ళు కారిపోవడానికన్నాను. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు. తర్వాత మరియమ్మవైపు జాలిగా చూస్తూ, నోటి దగ్గర చెయ్యి పెట్టి తింటున్నట్టు సైగ చేశారు.

ఆమెకు ఇంగ్లీషు రాదు గాని సైగ అర్థమైంది. “ఏంది సారూ, మేం చిల్లుల గిన్నెలో తింటన్నామని చెప్పారా?”

తర్వాత చెబుతాలే అన్నాను. ఆ ‘తర్వాత’ చాలా ఏళ్ళకు గాని రాలేదు.

‘విత్తిన సాధనం’ గడిలో యంత్రం పేరు రాసి పంపిన ఆ నివేదిక మీద ఆ సంవత్సరం నాకు మంచి రిమార్కు పడింది. బ్లాకుకు మరో ఆరు యంత్రాలొచ్చాయి. గొర్రుల ప్రతిపాదన మాత్రం తిరిగొచ్చింది. ‘యంత్రం ఇంత చక్కగా పనిచేస్తుండగా గొర్రులెందుకు?’ అని దానిమీద రాసి ఉంది. ఆధారంగా చూపింది నా నివేదికనే. మరియమ్మ కూతురు ఎనిమిదో తరగతితో చదువు మానేసి తల్లితో చేలోకి వెళ్ళింది.

మూడు నెలలకు దొరగారి దగ్గర్నుంచి ఒక పెట్టె వచ్చింది. అదనంగా ఒక చక్రం కావాలని రాసి ఉన్నాం గనక, అదేమోనని ఆత్రంగా విప్పాం. రెండు డజన్ల ఎనామిల్ పళ్ళాలు, చిల్లుల్లేనివి. బి.డి.ఓ. గారు సభ పెట్టి పంచారు. మొదటి పళ్ళెం నా చేతుల మీదుగానే మరియమ్మకు ఇప్పించారు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, తీసుకుంది.

ఆరు యంత్రాలూ ఒక్కొక్కటే అలాంటి నాపరాళ్ళకే, అదే చక్రం దగ్గర విరిగాయి. ఒకదాని భాగాలు ఇంకోదానికి వేసుకుంటూ పోగా, చివరికి ఆరింటిలోంచి ఒకటి తయారైంది. అదీ నడవలేదు. మేమడిగిన చక్రం రెండేళ్ళకు వచ్చింది, వేరే మోడలుది. కాగితాలు ఎగరకుండా నా బల్లమీద పెట్టుకున్నాను. ఆ పనికి మాత్రం సరిగ్గా సరిపోయింది.

నేను నేర్చుకున్నది ఇది: పరాయి దేశపు పనిముట్టు తీసుకునేటప్పుడు, విరిగితే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడో ముందు అడగాలి. నాగుల్ మీరా కొలిమి నా ఆఫీసుకు అర మైలు; గొర్రుల పని రాక అది తర్వాత మూతపడింది. దాన్ని మూయించింది సముద్రం అవతలివాళ్ళు కాదు, నా నివేదిక.

మొన్న వేసవిలో ఆ ఊరు వెళ్ళాను. మరియమ్మ ఎనామిల్ పళ్ళెంలో కోళ్ళకు నీళ్ళు పోస్తోంది. చేను విత్తింది నువ్వేనని రాయకపోవడం తప్పు, నీ కూతురి చదువు నావల్ల ఆగింది, క్షమించమన్నాను.

ఆమె పళ్ళెం కోళ్ళ ముందుకు జరిపింది. “చదువు సంగతి ఇప్పుడేం జేస్తారు సారూ. ఆ దొర పుస్తకంలో మాత్రం మేం చిల్లుల గిన్నెలో తింటామనే ఉండాది గదా. అదన్నా కొట్టేపించండి,” అంది.

ఆ పుస్తకం ఎక్కడుందో నాకు తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ గిన్నె జడ్డిగం. అందులో ఎవరూ ఎన్నడూ తినలేదు. దానితో ఆ నాలుగెకరాలూ విత్తింది మరియమ్మ. అబద్ధం చెప్పింది నేను. అమ్మా, నన్ను క్షమించు.