మా క్లాస్ ఫస్ట్ రేణుక, నేను కాదు

నిన్న పొద్దున ల్యాబ్‌కు వెళ్లే బస్సులో ఉండగా రేణుక తమ్ముడు శివ ఫోన్ చేశాడు.

"అక్కా, మా అక్క లేదు" అన్నాడు.

ఎక్కడికి వెళ్లింది అని అడిగాను. నా బుర్ర అంతలా మొద్దుబారిపోయింది.

జ్వరమని దవాఖానలో చేరిందని తెలుసు. మెసేజ్ పెడితే "తగ్గింది, ఫికర్ చేయకు" అని రిప్లై కూడా ఇచ్చింది. నమ్మేసి నా పనిలో నేను పడిపోయాను.

దారి మధ్యలోనే దిగి, ఆత్మకూర్ దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాను.

వాకిట్లో జనం. నన్ను చూడగానే రేణుక వాళ్ల బాపు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లతో అన్నాడు.

"గీ బిడ్డనే మా రేణుకకు చదువు చెప్పింది. గీమె లేకుంటే నా బిడ్డ లెక్చరర్ అయితుండెనా?"

ఒక పెద్దాయన నాకు దండం పెట్టాడు.

సిగ్గుతో తల దించుకున్నాను. ఏడుస్తున్నానని అనుకుని ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు.

అసలు సంగతి ఇది.

డిగ్రీ ఫస్ట్ ఇయర్, మహబూబ్‌నగర్‌లో హాస్టల్. ఇద్దరిదీ తెలుగు మీడియమే. బయోకెమిస్ట్రీ క్లాసులో ఏమీ అర్థం కాకపోయినా నేను తల ఊపేదాన్ని. రేణుక లేచి "సార్, జర మళ్లొక్కసారి చెప్పున్రి" అనేది. వెనక బెంచీల వాళ్లు నవ్వినా కూర్చునేది కాదు.

రిజల్ట్స్ వచ్చాయి. రేణుక క్లాస్ ఫస్ట్. నేను ఫెయిల్.

నకిరేకల్‌లో మా నాయిన అప్పటికే కనబడ్డ ప్రతివాళ్లకూ "మా బిడ్డ సైన్స్ చదువుతాంది" అని చెప్పుకుని ఉన్నాడు. ఆయనకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను? సెలవుల్లో కూడా క్లాసులున్నాయని చెప్పి, సప్లిమెంటరీకి చదువుకోవడానికి రేణుక వాళ్లింటికి వెళ్లాను.

"ఎవరు బిడ్డా గీమె?" అని గడపలోనే బాపు అడిగాడు.

నేను రేణుక వెనక్కి జరిగాను.

"మా క్లాస్ ఫస్ట్ బాపూ. నాకు చదువు చెప్పనీకి వచ్చింది" అంది రేణుక. ఎంత మామూలుగా అందో.

ఇక ఆ ఇంట్లో నాకు ఒకటే మర్యాద. మీగడ పెరుగు నా కంచంలోకే. మంచం నాకు, చాప రేణుకకు.

వాళ్లకు గొర్రెల మంద ఉంది. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు బాపు అంకెలతో లెక్కపెట్టడు. దేని వెనక ఏది వస్తుందో ఆయనకు తెలుసు. వరస తప్పితే ఏది రాలేదో అక్కడికక్కడే చెప్పేస్తాడు.

రేణుక గ్లైకాలసిస్ నేర్చుకున్నది అలాగే. గ్లూకోజ్ విరిగి పైరువేట్ అయ్యేదాకా మధ్యలో వచ్చే పేర్లన్నీ గొర్రెలకు పెట్టేసింది. ముందు నడిచే పొట్టేలు గ్లూకోజ్.

"బట్టీ పట్టకే. దేని ఎనక ఏదొస్తాందో చూడు" అనేది.

మొదట్లోనే ఏటీపీ, అంటే శక్తి, ఎందుకు ఖర్చవుతుందో నాకు ఎక్కలేదు. "ముందుగాల మేత పెట్టకుంటే మంద పెరుగుతదానే? గిది గూడ గంతే" అంది. అప్పుడు ఎక్కింది.

ఆమె గడగడా చెప్తుంటే నేను దొడ్డి గోడ మీద కూర్చుని వినేదాన్ని. కూతురు నాకు పాఠం అప్పజెప్తోందనుకుని బాపు దూరం నుంచే మురిసిపోయేవాడు.

వైవాలో ఫ్రక్టోజ్ సిక్స్ ఫాస్ఫేట్ తర్వాత ఏమిటని సార్ అడిగితే, నా నోటి నుంచి "బొల్లి గొర్రె సార్" అని వచ్చింది. తర్వాత సర్దుకుని అసలు పేరు చెప్పాను. బయట కిటికీ దగ్గర నిలబడి విన్న రేణుక హాస్టల్ దాకా నవ్వుతూనే ఉంది.

పాసయ్యాను. ఇప్పుడైనా బాపుకు నిజం చెప్పవే అన్నాను.

"ఉండనియ్యి. ఆయనకు నువ్వంటే మస్తు గౌరవం" అంది.

సరేలే అనుకున్నాం ఇద్దరం. ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వుకునేవాళ్లం. నిన్న వాకిట్లో, ఆమెను పడుకోబెట్టిన చోటు పక్కనే నిలబడి ఆ గౌరవం అందుకుంటుంటే మాత్రం ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. తన కూతురు ఎంత తెలివైనదో ఆ తండ్రికి ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

శివా, ఇది బాపుకు చదివి వినిపించు. దినకర్మకు వచ్చినప్పుడు నా నోటితో నేనే చెప్తాను.

బాపూ, మీ రేణుకకు ఎవరూ నేర్పలేదు. నాకే రేణుక నేర్పింది.

రేణుకా, ఇన్నేళ్లూ నా దగ్గరున్న నీ ఫస్ట్ నీకు ఇచ్చేస్తున్నానే. ఇక నిమ్మళంగా నిద్రపో.