చెయ్యి తాకేదాకా

చంద్రపూర్ స్టేషన్‌ వెయిటింగ్ హాల్లో టీవీ చూస్తున్నాను. అంతర్జాతీయ పోటీల్లో మగవాళ్ల ఫ్రీస్టైల్ ఈత రిలే. మనవాళ్లలో మొదటివాడి చెయ్యి గోడకు తాకకముందే రెండోవాడు దూకాడని జట్టునే తీసేశారు.

"రెప్పపాటుకే గింత శిక్షనా?" అన్నాను.

పక్కన, నీళ్లకు వెళ్లిన ఒకావిడ సంచికి కాపలా కూర్చున్న ముసలాయన నావైపు తిరిగాడు.

"బొగ్గుబాయిల నీళ్లు తోడే పంపు నడిపేటోన్ని బిడ్డా. బదిలీ మనిషొచ్చి భుజం మీద చెయ్యేసినంకనే లేవాలె. ఒక్కపారి అడుగుల సప్పుడు ఇని, ఆయనే అనుకొని లేచిపోయిన. ఆయన కాదు. పంపు ఆగి నీళ్లు నిండినయ్. లోపల ఇద్దరుండిరి."

ఇంతలో ఆయన ఎక్కాల్సిన వరోరా బండి వచ్చింది.

"సంచి నేను చూస్త, మీరు పోండ్రి."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ వచ్చి సంచి మీద చెయ్యి వేశాకే లేచాడు. అప్పటికి బండి వెళ్లిపోయింది.