తినే రంగు

నక్సలైట్ అన్నలు బందుకు పిలుపివ్వడంతో సిరిసిల్లలో దుకాణాలన్నీ మూతపడ్డాయి. శంకరవ్వ మనుమరాలు బిస్కెట్ కోసం ఒకటే ఏడుపు. కోడలు కళావతి కోరుట్లలోని పుట్టింట్లో చూసినట్టే గంజులో ఇసుక పోసి పొయ్యిమీద వేడికి పెట్టింది. గోధుమపిండిలో చక్కెర, డాల్డా, చిటికెడు తినేసోడా కలిపి, కాఫీపొడి కరిగించిన నీళ్లు పోసింది.

నూలుకు రంగులేసి బతికిన అత్త శంకరవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఓ పిల్లా, పిండిల గా రంగేంది? పోరిని సంపుతవా ఏంది?"

"గిది తినేదే అత్తమ్మా, కాఫీపొడి. నువ్వే పిసుకు."

బెదురుతూనే పిసికింది. వేళ్లన్నీ గోధుమరంగుకు తిరిగాయి. రంగు విషమని చిన్ననాడే విన్నది. బూడిదతో తోముకోనిదే మెతుకు ముట్టేది కాదు. గోళ్లలో మరక మిగిలిందేమోనన్న భయంతో మనుమరాలికి ఏనాడూ తన చేత్తో ముద్ద పెట్టలేదు.

వేడి ఇసుకమీద పళ్లెంలో బిస్కెట్లు కాలాయి. మూత తీయగానే వాసన గల్లీ అంతా కమ్ముకుంది. పొద్దుటినుంచి మూసి ఉన్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. శంకరవ్వ రెప్ప వేయకుండా చూసింది. రంగు ఉబ్బింది, ఘుమఘుమలాడుతోంది! ఒక ముక్క కొరికింది.

"రంగు గూడ గింత తియ్యగుంటదా!"

కడుక్కోని ఆ వేళ్లతోనే రెండో ముక్క మనుమరాలి నోట్లో పెట్టింది.