రెండు చేతులతో కలపాలె

నిన్న మా పాప బళ్లో నాటకం వేశారు. రేడియం కనిపెట్టిన శాస్త్రవేత్త వేషంలో ఒక అమ్మాయి ఖాళీ డబ్బాలో చెంచా తిప్పుతోంది. అది చూస్తుంటే నాకు కోవా వాసన వచ్చింది.

మొఘల్‌పురా బళ్లో నాతో ఏడో తరగతి చదివినవాళ్లారా, మన నాటకం గుర్తుందా? ఆ వేషం నాదే. అమ్మ తెల్లచీర కట్టుకున్నాను. రేడియం వెలుగు కోసం టార్చిలైటుకు ఆకుపచ్చ కాగితం చుట్టాం. కడాయి, పొడుగు గరిటె మా ఇంటివే. మా బర్రెల పాలతో అమ్మ రోజూ కోవా కాచేది వాటితోనే.

ఆ శాస్త్రవేత్త రాతిపొడిని పెద్దపెద్ద గంగాళాల్లో ఉడికిస్తూ ఏళ్ల తరబడి కలిపిందని టీచర్ చెప్పారు. నేను స్టేజీ మీద ఒక్క చేత్తో సుతారంగా గరిటె తిప్పాను. ముందు వరుసలోంచి అమ్మ లేచింది.

"గట్ల కాదే. రెండు చేతులతోని కలుపు. అడుగంటుతది."

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నడుం వంచి రెండు చేతులూ వేశాను. కడాయి గరగరమంది. నవ్వులు ఆగిపోయాయి.

ఇంటికి వెళ్లేదాకా అమ్మకు నాలుగడుగులు ముందే నడిచాను. గుమ్మం దగ్గర ఆమే అడిగింది.

"గన్నేండ్లు కలిపితె ఆమె రెక్కలు గుంజలేదా? నూనె ఎవరు రాసిండ్రు?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. ఆ సాయంత్రం మొదటిసారి అమ్మ రెక్కలకు నేను నూనె రాశాను. రాళ్లలా ఉన్నాయి.