మేస్త్రీ ఇచ్చిన ఇంటిపేరు

రేపు చేసే తన పెళ్ళిపూజకు మా ఇంటిదేవత పేరంటాలి గాజులు తీసిపెట్టమని చెప్పి ఈ ఉదయం మా మనవరాలు పనికి వెళ్ళింది. అప్పటినుంచీ రేకుపెట్టె ముందు కూర్చునే ఉన్నాను, మూత తీయడానికి చెయ్యి రావడంలేదు.

రంగూన్‌లో పుట్టిన మన తరంవాళ్ళకు తెలిసిన సంగతే. రేవుపనికి ఓడ దిగిన మనవాళ్ళందరికీ, ఒక్కొక్కరిది అడిగే ఓపిక లేక, కూలీలను తెచ్చే మేస్త్రీ తన ఇంటిపేరే రాయించేవాడు. అలా ఏ ఊరివాళ్ళో ఏ గోత్రమో తెలియని ఇళ్ళన్నీ ఒకే ఇంటిపేరుతో మిగిలి, పిల్లలకు సంబంధాలు చూసే వేళకు అన్నాచెల్లెళ్ళ వరస అవుతుందేమోనని భయపడేవి. నేను నగరం నడిమధ్య చౌక్తడాలో అర్జీలు రాసే గుమాస్తాగా చేరిన రోజుల్లో ఆ చిక్కు విప్పే పని నా నెత్తిన పెట్టారు. సెలవురోజుల్లో ఇంటింటికీ తిరిగి, మీ పేరంటాలెవరు, ఆమెకు ఏం పెడతారు అని అడిగి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. పేరంటాలు వేరైతే ఇళ్ళూ వేరే. ఇంటిపేరంటే మేస్త్రీ ఇచ్చాడు గాని, చిన్నవయసులో పోయి ఇంటిదేవత అయిన ఆడపిల్లను ఎవరూ ఇవ్వలేరు కదా. నేను వేరని తేల్చిన ఇళ్ళమధ్య పెళ్ళిళ్ళు జరుగుతుంటే గర్వంగా ఉండేది, కాదనను.

మా పేరంటాలు తాతయ్య చెల్లెలు, ఓడ దిగుతూ ఏటిలో పడి చనిపోయిన పసిపిల్ల. ఆమె నల్లగాజులు రెండు, ఓడతాడు నారతో తాతయ్య చుట్టినవి, మా పెట్టెలో ఉండేవి. రెండు చేతులకూ రెండేసి ఉండాలి కదా, తక్కినవేవని చిన్నప్పుడు అడిగితే నాయనమ్మ నా నోటిమీద కొట్టి, ఆ పూటంతా ఏడ్చింది. అందరిళ్ళూ అడిగిన నేను మా ఇంట్లో మాత్రం మళ్ళీ అడగలేదు.

పెళ్ళికొడుకుది ఊరి శివారు లైంగ్‌థార్యార్, ఇంటిపేరు మాదే. వాళ్ళు ఎప్పుడో మనవాళ్ళ పాత పేట వదిలి వెళ్ళినవాళ్ళు, నా పుస్తకంలో లేరు. అదీ మేస్త్రీ పేరేలే అనుకుని, ఇల్లు చూడకుండానే సరేనన్నాను, శుభలేఖలు పంచేశారు. మొన్న వెళితే అతని నాయనమ్మ ముచ్చటపడి తమ పేరంటాలి మూట విప్పింది. రెండు నల్లగాజులు, అదే నార, అవే చుట్లు.

“అన్నదమ్ములు ఇడిపోయినప్పుడు సెరో రెండూ అట్టుకుపోనారంట. నువ్వు అందరిళ్ళూ తిరిగినోడివి గదా బాబూ, తక్కినియి ఎవలకాడున్నాయో తెలుసేటి?” అంది.

తెలియదమ్మా అన్నాను.

అంటే ఓడ దిగిన వాళ్ళ పెద్దాయనా మా తాతయ్యా తోడబుట్టినవాళ్ళు, పెళ్ళికొడుకు మా పిల్లకు అన్న వరస. రేపటి పూజలో రెండిళ్ళ గాజులూ ఒకే పీటమీద పెడతారు. ఆ రోజుల్లో ఇలాంటిది దాచుదామన్నా దాగేది కాదు, ఏ ముసలమ్మో అడ్డుపడి ఆపేది. ఆ ముసలమ్మలు పోయారు, పేట పోయింది, పిల్లలకు వరసలే తెలియవు, తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణి మిగిలాను. సాయంత్రం మనవరాలు వచ్చి గాజులేవని అడుగుతుంది. నాయనమ్మలాగా దాని నోటిమీద కొట్టలేను.